పక్షుల నెత్తురులో సీసం

నీటిపక్షులు మేత అరిగించుకోవడానికి చిన్న చిన్న రాళ్లు మింగుతాయి. వేటగాళ్లు పేల్చిన సీసపు గుళ్లు చెరువు అడుగున పడి ఉంటే వాటినీ రాళ్లనుకుని మింగేస్తాయి. కందనకాయలో ఆ గుండు రోజుల తరబడి నలిగి, లోపలి ఆమ్లానికి కరిగి నెత్తురులో కలుస్తుంది. అలా చేరిన సీసంలో ఎక్కువ భాగం పట్టుకునేది ఎర్ర రక్తకణాలే.

ఆ కణాల్లో ఆక్సిజన్‌ను పట్టుకునే హీమ్ తయారీకి 'అలాడ్' అనే ఎంజైము కావాలి. దాన్ని నడిపించేది జింకు. సీసం ఆ జింకును పక్కకు నెట్టి తాను కూర్చుంటుంది. పక్షి చలాకీగా ఎగురుతూనే ఉంటుంది, లోపల హీమ్ ఉత్పత్తి మాత్రం కుంటుపడిపోతుంది. ఒక్క గుండు మింగినా ఆ ప్రభావం వారాల పాటు వదలదు. హీమ్ తయారీ చివరి దశలో అందులో ఇనుమును చేర్చే ఎంజైమునూ సీసం అడ్డుకుంటుంది. దాంతో హీమ్‌గా మారాల్సిన ప్రోటోపార్ఫిరిన్ పేరుకుపోతుంది, అతినీలలోహిత కాంతి పడితే అది ఎర్రగా మెరుస్తుంది. విషం ముదిరితే రక్తకణాలు ముందే నశించి, రక్తహీనత వస్తుంది. పక్షి రెక్కలు వాల్చేస్తుంది, రొమ్ము కండ కరిగి ఎముక పొడుచుకొస్తుంది.

క్షీరదాల్లో గుర్తులు కాస్త వేరు. సీసం సోకిన కుక్క రక్తపు చుక్కను రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూస్తే, కొన్ని ఎర్రకణాల్లో నీలి చుక్కలు కనిపించవచ్చు. అవి శుభ్రం కాకుండా మిగిలిన ఆర్‌ఎన్‌ఏ ముద్దలు. రక్తహీనత పెద్దగా లేకపోయినా కేంద్రకం ఉన్న, ఇంకా పక్వం కాని ఎర్రకణాలు రక్తంలోకి వచ్చేస్తాయి. పక్షుల ఎర్రకణాల్లో కేంద్రకం మామూలుగానే ఉంటుంది కాబట్టి వాటికి ఈ గుర్తు పనికిరాదు.

నీటిపక్షులకు సోకే ఈ సీసపు విషం గురించి అమెరికా ప్రకృతి రచయిత జార్జ్ బర్డ్ గ్రినెల్ 1894లోనే రాశారు. 1959లో ఇల్లినాయిస్ శాస్త్రవేత్త ఫ్రాంక్ బెల్‌రోజ్, ఉత్తర అమెరికా నీటిపక్షుల్లో ఏటా 2 నుంచి 3 శాతం సీసం వల్లే చనిపోతున్నాయని అంచనా కట్టారు. అయినా నీటిపక్షుల వేటలో సీసపు గుళ్లపై అమెరికాలో దేశవ్యాప్త నిషేధం 1991లో గానీ రాలేదు. గ్రినెల్ హెచ్చరికకు, చట్టానికి మధ్య దాదాపు వందేళ్లు గడిచిపోవడం క్షమించరాని ఆలస్యం.

కాలిఫోర్నియా కాండర్ కథ ఇంకా బాధాకరం. ఈ రాబందు చెరువులో గుళ్లు మింగదు. వేటగాళ్లు అడవిలో వదిలేసిన కళేబరాల్లోని తూటా ముక్కలే దాని కడుపులోకి చేరతాయి. 1987 నాటికి ప్రపంచంలో మిగిలినవి 27 పక్షులు, అన్నీ బోనుల్లోనే. 1992 నుంచి మళ్లీ అడవిలోకి వదిలినా, వాటిని పట్టి రక్తం పరీక్షించి, సీసం ఎక్కువైతే శరీరం నుంచి దాన్ని బయటికి లాగే మందు ఇవ్వాల్సి వస్తోంది. కాలిఫోర్నియా 2019 జులై 1 నుంచి వేటలో సీసపు తూటాను పూర్తిగా నిషేధించింది. అమెరికాలోని చాలా రాష్ట్రాల్లో అది ఇంకా చట్టబద్ధమే, బదులుగా వాడదగ్గ రాగి తూటాలు అంగళ్లలో దొరుకుతున్నా.