పారీస్ కార్నర్ నుంచి రాయపేట దాకా

"మీరు మద్రాసుకి ఎప్పుడొచ్చారు?" అని ఎవరైనా అడిగితే మా ఇంట్లో ఎవరం సరిగ్గా చెప్పలేం. తాతగారి నాయన కాలం నుంచీ ఇక్కడే అంటాం. ఆపైన తెలియదు. పోయిన ధనుర్మాసంలో ఒక ఆదివారం పొద్దున్నే ఒంటరిగా బయల్దేరాను. జార్జిటౌన్‌లో నడవాలంటే ఆదివారమే మంచిది, కొట్లు మూసుంటాయి, తోపుడుబళ్ళు తక్కువ.

బీచ్ స్టేషన్‌లో దిగి పారీస్ కార్నర్‌కి వచ్చాను. అక్కడ డేర్ హౌస్ దగ్గర ఒక రాతి స్తంభం ఉంది. రోజూ వేలమంది దాని పక్కనే పోతారు గానీ చూసేవాళ్ళు తక్కువ. 1746లో ఫ్రెంచివాళ్ళు కోట పట్టుకున్నారు. 1749లో కోట తిరిగి చేతికొచ్చాక ఇంగ్లీషువాళ్ళకి దిగులు పట్టుకుంది: కోటని ఆనుకునే ఊరుంటే శత్రువు ఇళ్ళ చాటున వచ్చేస్తాడని. ఫ్రెంచివాళ్ళు కొంత పడగొట్టగా మిగిలింది వీళ్ళు పడగొట్టారు. ఇక్కడి నుంచి కోట దాకా ఎవరూ ఇల్లు కట్టకూడదని 1773లో ఆరు స్తంభాలు పాతారు. వాటిలో మిగిలింది ఇదొక్కటే.

పడగొట్టిన ఆ ఊరు ఎక్కడుందంటే, ఇప్పుడు హైకోర్టు ఉన్న చోట. 1639లో దామర్ల వెంకటాద్రి నాయకుడు ఈ ఇసకనేల కుంపిణీకి ఇచ్చినప్పుడు, తన తండ్రి చెన్నప్ప నాయకుడి పేరు నిలవాలన్నాడు. చెన్నపట్నం అన్న పేరు అలా వచ్చిందంటారు. కుంపిణీ పక్షాన మాటలు నడిపిన దుబాసీ బేరి తిమ్మప్ప. ఇచ్చినవాడూ తెలుగువాడే, మధ్యన మాట్లాడినవాడూ తెలుగువాడే. ఇది తలుచుకుని మనవాళ్ళు చాలామంది ఛాతీ విరుచుకుంటారు. నాకు మాత్రం ఆ పడగొట్టిన ఇళ్ళే గుర్తొస్తాయి. నేతవాళ్ళు, అద్దకంవాళ్ళు, చిన్న చిన్న బేరగాళ్ళు మూటలు నెత్తిన పెట్టుకుని ఉత్తరంగా కదిలారు. వాళ్ళ పేర్లు ఏ వీధికీ లేవు.

వాళ్ళతోపాటు దేవుడూ కదిలాడు. పాత చెన్నకేశవస్వామి గుడిని 1757లో తీసేశారు. కొన్నేళ్ళకి కొత్త గుడి దేవరాజ మొదలి వీధి దగ్గర లేచింది, పక్కనే చెన్నమల్లేశ్వరుడికి ఇంకోటి. ఒకప్పుడు చైనా బజారు రోడ్డు అన్న ఎన్.ఎస్.సి. బోసు రోడ్డు మీద నడిచి, పూలబజారు సందులో దూరి వెళ్ళాను. ధనుర్మాసం కదా, గుళ్ళో వేడి పొంగలి దొరికింది. దొన్నె ఖాళీ అయ్యేదాకా ఏ చరిత్రా గుర్తు రాలేదు.

గుడికి వచ్చే దారిలోనే లింగిచెట్టి వీధి, తంబుచెట్టి వీధి చూశాను. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1908లో బొంబాయిలో మొదలుపెట్టిన ఆంధ్రపత్రికని 1914లో మద్రాసుకి తెచ్చి దినపత్రిక చేశారు. తంబుచెట్టి వీధి నుంచే అది తెలుగు జిల్లాలన్నిటికీ వెళ్ళేది. ఆ సందు ఎంత ఇరుకో చూస్తేగానీ నమ్మరు. గుడి దాటాక కొత్వాల్ చావడి. 1996లో కూరగాయల మార్కెట్టు కోయంబేడుకి పోయాక వాసన పోయింది, కన్యకాపరమేశ్వరి దేవస్థానం మిగిలింది.

మధ్యాహ్నం మజ్జిగ తాగి మౌంట్ రోడ్డు మీదుగా రాయపేట హైరోడ్డు పట్టాను. కాళ్ళు పీకుతున్నాయి. 126వ నంబరు ఇల్లు బులుసు సాంబమూర్తిగారిది. అందులోనే పొట్టి శ్రీరాములుగారు 1952 అక్టోబరు 19న నిరాహారదీక్షకి కూర్చుని, 58 రోజులకి, డిసెంబరు 15 రాత్రి చనిపోయారు. మద్రాసుతో కూడిన ఆంధ్రరాష్ట్రం అడిగారు. 1953 అక్టోబరు 1న వచ్చిన రాష్ట్రంలో మద్రాసు లేదు. రాజధాని కర్నూలు అయింది.

మా తాతగారు ఆ రెండేళ్ళ గురించి మాట్లాడేవారు కాదు. బంధువుల్లో కొందరు గుంటూరు వెళ్ళిపోయారు, రమ్మని ఈయనకీ ఉత్తరాలు రాశారు. ఆయన కదల్లేదు. కొట్టు మీది తెలుగు బోర్డు మాత్రం దించేశారని అమ్మమ్మ చెప్పేది. ఎవరూ దించమనలేదట, ఆయనే దించారట. ఆ ఇంటి ముందు నిలబడి ఉన్నంతసేపూ నాకు ఆ బోర్డే కళ్ళముందు ఆడింది.

సాయంత్రం ఇంటికొచ్చి, ఫోనులో తీసిన వీధిబోర్డుల ఫొటోలు మా అబ్బాయికి చూపించాను. తమిళంలో ఉన్నవి గబగబా చదివేశాడు. బీరువాలోంచి తాతగారి చిట్టా పుస్తకం తీసి ముందు పెడితే మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయాడు.

ఈ వేసవి సెలవుల్లో రోజుకో పేజీ ఇద్దరం కలిసి చదువుతున్నాం. ఉప్పు, ఎండుమిరపకాయలు దాటి, ఎవరో తీర్చని ఒక అప్పు దాకా వచ్చాం.