కళాసికి తెలిసే మాట

ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే రాజపాళయం వాళ్లకి ఓడల్లో వచ్చిన ఈ చిక్కు తొందరగా అర్థమవుతుంది.

తెరచాపల కాలంలో ఇంగ్లీషు అధికారి ఆజ్ఞని కళాసీలకి చేర్చేవాడు సరంగు. ఆయన కింద తండేలు. వాళ్ల ఓడభాషలో హిందుస్తానీ, పోర్చుగీసు మాటలు కలిసి ఉండేవి. 1811లో థామస్ రోబక్ కలకత్తాలో ఆ మాటలకి నిఘంటువు అచ్చువేశాడు. అధికారే కళాసీల మాట నేర్చుకోవాలన్న మాట! నాకిది చాలా నచ్చింది.

తరువాత నియమాలు కాగితం మీదికి వచ్చాయి. 1987 మార్చి 6న బెల్జియంలోని జీబ్రుగ్గె రేవునుంచి హెరాల్డ్ ఆఫ్ ఫ్రీ ఎంటర్‌ప్రైజ్ అనే ఓడ ముందు తలుపులు తెరిచే బయలుదేరింది. మూయాల్సిన సహాయ బోసన్ (బోసన్ అంటే ఆ పాత సరంగే) నిద్రపోయాడు. మూశారో లేదో అధికారి చూడాలని ఒక ఆజ్ఞ. అదే వేళకి ఆయన పైన ఓడ నడిపే గదిలో ఉండాలని ఇంకో ఆజ్ఞ. ఒక మనిషి రెండుచోట్ల ఎట్లా ఉంటాడు? ఎవరూ ఏమీ చెప్పకపోతే అంతా సరిగా ఉన్నట్టే అని కెప్టెన్ అనుకోవడం అక్కడి పద్ధతి. 193 మంది చనిపోయారు.

1990 ఏప్రిల్ 7న స్కాండినేవియన్ స్టార్ తగలబడి 159 మంది పోయారు. సిబ్బందిలో చాలామందికి ప్రయాణికుల భాష రాదు.

1998లో అమలుకి వచ్చిన ఐఎస్ఎం కోడ్ ప్రకారం భద్రతా పద్ధతులు సిబ్బందికి అర్థమయ్యే భాషలోనే అందించాలి. "తగు జాగ్రత్తలు తీసుకొనవలెను" అంటే ఎవరికీ పని చెప్పినట్టు కాదు. "బోసన్ తలుపు మూసి కెప్టెన్‌కి ఫోను చేయాలి. ఫోను వచ్చాకే కెప్టెన్ ఓడ కదపాలి" అని రాస్తే ఎవరి పని ఏదో తెలుస్తుంది.