ఇత్తడి బిళ్ల మీది నాలుగక్షరాలు

మోండా మార్కెట్టుకు కూరలకని వెళ్లి, తిరుగుదారిలో ఒక పాతవస్తువుల కొట్టు ముందు ఆగిపోయాను. ఉద్యోగ విరమణ చేసినవారికి అబ్బే దుర్గుణాలలో ఇది ఒకటి. గ్రామఫోను గొట్టాలు, కిరసనాయిలు లాంతర్లు, ముల్లు లేని గోడగడియారాలు. వీటి నడుమ ఒక రేకుడబ్బాలో పాత తాళంచెవులతో కలిసి ఒక ఇత్తడి బిళ్ల కనబడింది. అరచేతిలో సగం ఉంటుంది. కోడిగుడ్డు ఆకారం. పైన ఎన్.జి.ఎస్.ఆర్. అని నాలుగు ఇంగ్లీషు అక్షరాలు, వాటి క్రింద 214 అనే సంఖ్య. అంతే.

“నిజాం దేవిడీల నౌకర్లు పెట్టుకునే బిళ్ల సార్ ఇది, మళ్ల దొరకదు” అన్నాడు కొట్టతను. బేరమాడి 400 రూపాయలకు తెచ్చుకున్నాను. ఇంటికి రాగానే మా ఇంటావిడ చింతపండుతో తోమబోయింది. వలదని వారించాను. అక్షరాల సందుల్లో పట్టిన కిలుమే కదా దాని వయసుకు సాక్షి!

కొట్టతని మాటలో నిజాం అన్నంతవరకు సత్యమే. దేవిడీ మాత్రం కాదు. ఆ నాలుగక్షరాలకు అర్థం ‘నిజామ్స్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వే’. బొంబాయి నుండి మద్రాసుకు పోయే దారిలోని వాడి జంక్షను నుండి సికింద్రాబాదుకు 1874లో నిజాం సర్కారు సొమ్ముతో రైలుమార్గం వచ్చింది. దానిని పొడిగించడానికై 1883లో లండనులో ఏర్పడిన కంపెనీకి పెట్టిన పేరు ఇది. ఆ కంపెనీ చేతిలోనే మార్గం 1886లో వరంగల్లుకు, 1889లో బెజవాడకు చేరింది. 1930లో నిజాం ప్రభుత్వం రైల్వేను స్వాధీనం చేసుకున్నప్పుడు పేరులోని ‘గ్యారంటీడ్’ తొలగిపోయి ‘నిజామ్స్ స్టేట్ రైల్వే’ మిగిలింది. 1951లో అదీ పోయి భారత రైల్వేలలో కలిసింది. కనుక ‘జి’ అనే ఆ ఒక్క అక్షరమే ఈ బిళ్లకు జాతకచక్రం. 1883కు ముందు పుట్టినది కాదు, 1930 తరువాత పోతపోసినదీ కాదు.

నకిలీ కాదు గదా అని మీరు అడుగవచ్చు. రైల్వే గుర్తులతో క్రొత్త ఇత్తడి సామాను పోతపోసి పాతదని అమ్మేవారు లేకపోలేదు. భూతద్దం పెట్టి చూశాను. అక్షరాలు అచ్చులో పోసినట్లు సమంగా ఉన్నాయి. అంకెలు మాత్రం విడివిడిగా సుత్తితో కొట్టినవి. 4 కొంచెం ప్రక్కకు ఒరిగింది. వెనుక పట్టీ దూర్చుకునే రెండు కొక్కేలలో ఒకటి లోపలివైపు బాగా అరిగింది. అంచులు నునుపెక్కాయి. ఏండ్ల తరబడి ఒక మనిషి ఒంటిమీద కదిలితే తప్ప ఇట్టి అరుగుదల రాదని నా నమ్మకం.

ఎవరా మనిషి? మన భాషలో ‘బిళ్లబంట్రోతు’ అనే మాట ఉన్నది. బిళ్లే మనిషికి బిరుదైపోయిన మాట. ఇతడు మూటలు మోసినవాడో, గేటు కాచినవాడో, కచేరీ కాగితాలు అందించినవాడో. ఆనాటి సర్కారు భాష ఉర్దూ. ఈ ప్రాంతాన జనంలో అధికులు మాట్లాడేది తెలుగు. బిళ్ల మీద రెండూ లేవు. తన రొమ్ము మీద ఏమి వ్రాసి ఉన్నదో అతడు చదువుకోగలిగాడో లేదో!

ఇక ఆ ‘జి’ సంగతి. గ్యారంటీ అనగా పూచీ. ఎవరికి పూచీ? లండనులో ఈ కంపెనీ వాటాలు కొన్నవారికి. రైలుకు లాభం వచ్చినా రాకున్నా వారి పెట్టుబడి మీద నూటికి 5 వంతున వడ్డీ ముట్టజెప్పుతానని నిజాం సర్కారు పూచీపడింది. ఆ భారమంతా రాజ్యపు ఖజానా మీదనే. ఈ ఒప్పందపు వివరాలు ముందుగా ప్రజల ముందు పెట్టాలని అడిగినవారున్నారు. చాందా రైల్వే పథకం పేరిట నడిచిన ఆ ఆందోళనలో ముందు నిలిచిన అఘోరనాథ చట్టోపాధ్యాయను, అనగా సరోజినీ నాయుడు తండ్రిగారిని, 1883 మే నెలలో హైదరాబాదు రాజ్యం నుండే బహిష్కరించారు. ప్రశ్నించినవానికి దేశబహిష్కారం, వాటాదారునికి వడ్డీ. 214వ వానికి ఏ పూచీ దక్కిందో బిళ్ల చెప్పదు. పేరైనా దక్కలేదు.

ఇది తలచుకున్నప్పుడు నాకు కొంచెం సిగ్గు కూడ వేసింది. ఎన్నో ఏండ్లు తరగతిలో నేనూ “పద్నాలుగు”, “పదిహేను” అంటూ అంకెలతోనే పిల్లల హాజరు పిలిచాను. అయితే నా పట్టీలో అంకె ప్రక్కన పేరుండేది. కంపెనీవారి చిట్టాలోనూ ఈ 214 ప్రక్కన ఒక పేరు ఉండియే ఉంటుంది. చిట్టా వేరు, బిళ్ల వేరు అయిపోయాయి. నా చేతికి బిళ్ల మాత్రమే వచ్చింది.

సికింద్రాబాదు స్టేషను ముందరి కమానులను, పునర్నిర్మాణం కోసం, 2025లో కూల్చివేశారు. ఆ దారిన వచ్చినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. క్రొత్తది కట్టుకోవడం తప్పు కాదు. కాని భవనం పోతే పదిమందీ ఫోటోలు తీసుకున్నారు, పత్రికలు వ్రాశాయి. బిళ్ల ధరించినవాడు పోయినప్పుడు ఎవరు వ్రాశారు?

మిత్రులారా, మీ తాతలలో, ముత్తాతలలో నిజాం రైల్వేలో కొలువు చేసినవారుంటే, వారి పేరు, చేసిన పని, ఊరు ఒక కాగితం మీద వ్రాసి పెట్టండి. వీలైతే నాకూ తెలియజేయండి. నా బిళ్లను మాత్రం తోమించను. అట్లే దేవుని గూటి ప్రక్కన పెట్టుకున్నాను.