గడిలో ఒదిగిన అక్షరం: షికాగో ఫాంట్ చరిత్ర

కంప్యూటర్ తెరపై విడిగా వెలిగించడానికీ ఆర్పడానికీ వీలైన అతి చిన్న గడిని పిక్సెల్ అంటారు. అటువంటి గడులను ఒక్కొక్కటిగా నింపి తీర్చిన అక్షరమాలే పిక్సెల్ ఫాంట్. నేడు గతకాలపు సొగసుకు గుర్తుగా ఆదరణ పొందుతున్న ఈ శైలి అవసరంలోంచి పుట్టిందనడానికి, యాపిల్ సంస్థ మెకింటాష్ కంప్యూటర్ కోసం సూసన్ కేర్ రూపొందించిన ‘షికాగో’ ఫాంట్ చక్కని నిదర్శనం.

1984 జనవరి 24న విడుదలైన మెకింటాష్‌కు ఉన్నది 9 అంగుళాల తెర. అడ్డంగా 512, నిలువుగా 342 పిక్సెళ్లున్న ఆ తెరపై ప్రతి గడీ నలుపో తెలుపో కావలసిందే తప్ప నడిమి ఛాయలకు తావు లేదు. ఏటవాలు గీతలూ వంపులూ అక్కడ మెట్లుమెట్లుగా విరిగి కనిపిస్తాయి కనుక, కేర్ షికాగో అక్షరాలను నిలువు, అడ్డ గీతలతోనూ 45 డిగ్రీల వాలుతోనూ కూర్చి, నిలువు గీతలకు రెండు పిక్సెళ్ల మందం ఇచ్చారు. ఆ మందం వల్ల మరొక మేలు జరిగింది: ఎంచుకోవడానికి వీల్లేని ఆదేశాన్ని మసకగా చూపేందుకు గడి విడిచి గడిని చెరిపివేసినా, అక్షరం ఆనవాలు చెడకుండా నిలిచేది. అంతకుముందటి తెరలలో అక్షరాలన్నిటికీ ఒకే వెడల్పు ఉండడం పరిపాటి కాగా, ఇందులో ప్రతి అక్షరానికీ దాని ఆకృతికి తగిన చోటు దక్కింది.

మెకింటాష్ ఫాంట్లకు మొదట ఫిలడెల్ఫియా పరిసరాల రైల్వే స్టేషన్ల పేర్లు పెట్టగా, ప్రపంచ ప్రసిద్ధ నగరాల పేర్లు ఉండాలని స్టీవ్ జాబ్స్ కోరడంతో షికాగో, జెనీవా, న్యూయార్క్ వంటి పేర్లు స్థిరపడ్డాయి. 1997లో వచ్చిన మాక్ ఓఎస్ 8లో షికాగో స్థానాన్ని చార్‌కోల్ అనే ఫాంట్ ఆక్రమించినా, 2001లో ఐపాడ్ 160×128 పిక్సెళ్ల చిన్న తెరతో వచ్చినప్పుడు, పాత ఇరుకుకు అలవాటుపడిన ఆ అక్షరాలే మళ్లీ అక్కరకు వచ్చాయి.

ఇదే పరిమితిని కళగా స్వీకరించిన జుజానా లిచ్కో 1985లో మెకింటాష్‌పైనే ఎంపరర్, ఓక్లాండ్ వంటి ఫాంట్లను గీసి, ముతక గడులు కనబడే అక్షరానికి ముద్రణలోనూ గౌరవం కల్పించారు.

నేటి పిక్సెల్ ఫాంట్లలో గడులు నిజమైన పిక్సెళ్లు కావు. అవి ఏ పరిమాణానికైనా సాగే చతురస్రపు రేఖాచిత్రాలు. అందువల్ల 8 పిక్సెళ్ల ఎత్తుకు గీసిన ఫాంట్‌ను 16, 24 వంటి గుణిజాలలోనే వాడాలి. 13 పెడితే గడుల అంచులు తెర పిక్సెళ్లతో పొసగక అక్షరం మసకబారుతుంది. గుడులూ వత్తులూ పైకీ కిందికీ విస్తరించే తెలుగు లిపికైతే అంతకంటే ఎత్తయిన గడులపట్టీ కావాలి. ఒకనాటి ఒక్క గడిని చూపడానికి నేటి తెరపై పదుల పిక్సెళ్లు ఒక్కుమ్మడిగా వెలుగుతున్నా, ఏ గడి నిండాలో, ఏది ఖాళీగా మిగలాలో తేల్చుకునే భారం మాత్రం కేర్ నాటి లాగే రూపకర్త చేతిలోనే ఉంది.