దేవుని కడప: ఉగాదికి మన వాళ్ళు వెళ్ళే ఊరు

దేవుని కడప కడప నగరం అంచున ఉన్న పాత ఊరు. ఇప్పుడు నగరంలో కలిసిపోయింది గానీ గుడి వీధిలో, చెరువు గట్టు మీద పల్లె కళ ఇంకా పోలేదు.

పేరు ఎలా వచ్చింది?
తిరుమలకు వెళ్ళే యాత్రికులకు ఇది తొలి గడప అని నమ్మకం. ఆ గడపే కడప అయిందంటారు. కుతుబ్ షాహీల కాలంలో నేక్‌నామ్ ఖాన్ పేరు మీద కడపను నేక్‌నామాబాద్ అన్నారు. ఆ పేరు కాగితాల్లో ఉండిపోయింది, జనం నోట కడపే నిలిచింది.

గుడి
ఇక్కడి లక్ష్మీ వేంకటేశ్వర స్వామిని కృపాచార్యుడు ప్రతిష్ఠించాడని స్థల పురాణం. అన్నమయ్య ఈ కడపరాయుడి మీద కీర్తనలు రాశాడు. ఆలయం ఇప్పుడు టీటీడీ ఆధ్వర్యంలో ఉంది. మాఘ మాసంలో బ్రహ్మోత్సవాలు, రథసప్తమి నాడు రథోత్సవం జరుగుతాయి.

ఉగాది రోజు
ఈ ఊరికి పేరు తెచ్చింది ఉగాదే. ఆ రోజు తెల్లవారుజామునే ముస్లిం కుటుంబాలు క్యూలో నిలబడతాయి. బురఖా వేసుకున్న ఆడవాళ్ళు, టోపీ పెట్టుకున్న పెద్దలు కొబ్బరికాయలు కొడతారు. బియ్యం, బెల్లం, చింతపండు లాంటి సరుకులు భత్యంగా ఇస్తారు. కొన్ని ఇళ్ళల్లో ఆ రోజు మాంసం ముట్టరు.

కారణం బీబీ నాంచారి. స్వామిని పెళ్ళాడిన ముస్లిం ఆడపిల్ల అని జనం చెప్పుకునే కథ ఇది. ఆమె మన బిడ్డ అయితే ఆయన మన అల్లుడే కదా, పండక్కి అల్లుడికి పెట్టుపోతలు చేయొద్దా అనేది వీళ్ళ మాట. ఇది చరిత్ర కాదు, తరతరాల నమ్మకం.

దీన్ని అందరూ ఒప్పుకోరు. అల్లాహ్ ఒక్కడే, పూజ మన దీన్‌లో లేదు అని అభ్యంతరం చెప్పేవాళ్ళు మన ఇళ్ళల్లోనే ఉన్నారు. వెళ్ళేవాళ్ళు, వెళ్ళనివాళ్ళు ఒకే ఇంట్లో ఉండటమూ కడపలో వింత కాదు. వెళ్ళకపోయినా పొరుగువాళ్ళను గౌరవించడంలో మాత్రం ఎవరికీ పేచీ లేదు.

2025లో ఉగాది మార్చి 30న వచ్చింది, మర్నాడే రంజాన్ ఈద్. ఒకరోజు ఉగాది పచ్చడి, మరుసటి రోజు షీర్ ఖుర్మా. కడపలో రెండు పండగలూ ఒకే వీధిలో ఉంటాయి.

ఎలా వెళ్ళాలి?
కడప బస్టాండు నుంచి కొద్ది కిలోమీటర్లే. ఆటోలు దొరుకుతాయి. అమీన్ పీర్ పెద్ద దర్గా కూడా కడపలోనే ఉంది కాబట్టి రెండూ ఒకే రోజులో చూసి రావచ్చు.