పట్టణపు దాహము – పల్లెల హక్కు

నీరు ప్రాణాధారము. దానిని కోరుట నేరము కాదు. కాని ఒకరి దాహము తీర్చుటకై వేఱొకరి భూమిని నిర్బంధముగా గైకొనవలసి వచ్చినపుడు న్యాయమెట్లుండవలెనను ప్రశ్న పుట్టును. ఇంగ్లాండులోని థర్ల్‌మియరు సరస్సు చరిత్ర ఇందుకు నిదర్శనము.

మాంచెస్టరు నూలుమిల్లుల నగరము. జనసంఖ్య నానాటికి పెరుగుచుండెను. లాంగ్‌డెండేలు లోయలో 1848 మొదలు 1877 వఱకు నిర్మించిన జలాశయములు సైతము మునుముందు చాలవని నగరపాలక సంఘము తలచెను. కంబర్లాండు కొండలలోని థర్ల్‌మియరునకు ఆనకట్ట కట్టి, నీటిమట్టమును సుమారు 50 అడుగులు పెంచి, 96 మైళ్ల దూరము నీటిని కొనిపోవ నిశ్చయించెను. నీరు పల్లమెఱుగును, సరస్సు ఎత్తున నుండుటచే పంపుల అవసరము లేకుండెను.

1877లో థర్ల్‌మియరు రక్షణ సంఘము ఏర్పడెను. కెండాలు పట్టణమున పాదరక్షల వ్యాపారము చేయు రాబర్టు సోమర్వెల్లు ముందు నిలిచెను. ఆక్టేవియా హిల్లు, జాన్ రస్కిన్ మున్నగువారు తోడ్పడిరి. ఆ సీమ సౌందర్యము జాతికంతకు సొత్తని వారు వాదించిరి. అవసరమునకు మించిన నీటిని వశపఱచుకొని, ఇతరులకు విక్రయించుటకై ఒక నగరము నిర్బంధ భూసేకరణాధికారము కోరరాదనియు పలికిరి. కార్మికుల యిండ్లకు శుభ్రమైన నీరు అందుట కొండల అందముకంటె ముఖ్యమని నగరపక్షము బదులు చెప్పెను. రెండు వాదములందును బలము గలదు.

1878లో పార్లమెంటు ఉపసంఘము ఇరుపక్షముల వాదములను వినెను. ఆ యేడు బిల్లు నిబంధనల లోపముచే వీగిపోయెను, 1879లో శాసనమయ్యెను. అయినను, కాలువ పోవు దారిలోని ఊళ్లకును నీరొసగవలెనను నియమము అందు చేరెను. 1894 అక్టోబరు 13న నీరు మాంచెస్టరు చేరెను. ఆర్మ్‌బోత్, విత్‌బర్న్ పల్లెలు రూపుమాసెను. విత్‌బర్న్ చర్చి మాత్రము నేటికిని నిలిచియున్నది. ఓడినవారి యత్నము వ్యర్థము కాలేదు. 1895లో ప్రకృతి సౌందర్యమును, పురాతన కట్టడములను కాపాడుటకై నేషనల్ ట్రస్టును స్థాపించినవారిలో ఆక్టేవియా హిల్లు ఒకరు.

ఆ 1894లోనే బ్రిటిషు ఇండియాలో భూసేకరణ చట్టము వెలువడెను. మొదట రైతు పరిహారమును గుఱించి వాదింపవచ్చునే గాని, సేకరణమునే ఆక్షేపించుటకు ఆ చట్టమున తావు లేకుండెను. 1923 నాటి సవరణముచే ఆక్షేపణలు వినవలెనను విధి ఏర్పడెను. 2013లో చేసిన క్రొత్త చట్టము 2014 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చి, సామాజిక ప్రభావ పరిశీలనమును, స్థానిక గ్రామసభతో లేదా పంచాయతితో సంప్రదింపును విధించెను. వినబడు హక్కు రైతునకు ఇంత మెల్లగా సమకూడినది.

మాంచెస్టరు నేటికిని ఆ నీటిని త్రాగుచున్నది. దాహము నిజము, పోయిన పల్లెయు నిజము. భూమి నిచ్చువాని మాట ముందుగా వినుట, గొట్టము పోవు దారిలోని కడవయు నిండునట్లు చూచుట – ఈ రెండును జరిగిననాడే ప్రజాప్రయోజనమను మాటకు అర్థము కలుగును.