గుహలో దుర్గ, బొమ్మల సినిమాలో దుర్గ

2015లో పిక్సార్ వాళ్లు తీసిన ‘సంజయ్స్ సూపర్ టీమ్’ ఏడు నిమిషాల బొమ్మల సినిమా. దర్శకుడు సంజయ్ పటేల్ తన చిన్ననాటి ఇంటి పూజనే కథ చేశారు. రావణుడు దేవతల ఆయుధాలు లాక్కుంటాడు. పిల్లవాడు గంట మోగించాక శాంతిస్తాడు, చావడు.

పురాణాన్ని ఇలా మార్చొచ్చా? మన చెన్నై దగ్గరి మహాబలిపురం చూడండి. ఏడో శతాబ్దపు పల్లవ గుహలో ఎనిమిది చేతుల దుర్గ సింహమెక్కి విల్లు పట్టి వస్తోంది. దున్నపోతు తల మహిషుడు ఇంకా చావలేదు, గద పట్టుకుని వెనక్కి ఒరుగుతున్నాడు, అంతే! ఆ శిల్పి కూడా తనకు కావలసిన ఘట్టమే ఎంచుకున్నాడు.

దేవీమాహాత్మ్యంలో శివుడు శూలం, విష్ణువు చక్రం ఇచ్చారు. అన్ని చేతులంటే అందరి శక్తీ అని అర్థం. సినిమాలో ఆ ఆయుధాలన్నీ పోయాక మిగిలింది నాన్న రోజూ మోగించే గంట. నాకైతే అది తప్పనిపించలేదు.